సొంత సర్వర్లలో ఏపీఐ వేదిక: లెక్క అక్టోబరు నుంచి మొదలవ్వాలి

ఏపీఐల (ఒక సాఫ్ట్‌వేర్ మరోదానితో సమాచారం ఇచ్చిపుచ్చుకునే మార్గాల) రూపకల్పనకు, పరీక్షకు, ప్రచురణకు వాడే సాఫ్ట్‌వేర్‌ను క్లౌడ్‌లో వద్దని, తన సర్వర్లలోనే పెట్టుకోవాలని విజయనగరంలోని ఒక సహకార బ్యాంకో, పైడిభీమవరంలోని ఒక ఔషధ పరిశ్రమో నిర్ణయించుకుందనుకుందాం. మొదటి సమావేశంలో చర్చంతా ప్రాసెసర్లు, ర్యామ్, లైసెన్సుల ధర చుట్టూ తిరుగుతుంది. నిజానికి ఓపెన్‌ఏపీఐ అనే ప్రామాణిక పద్ధతిలో రాసే స్పెసిఫికేషన్లన్నీ, అంటే ఏపీఐల వివరణ పత్రాలన్నీ, యామల్, జేసన్ అనే సాదా అక్షరాల ఫైళ్లే కనుక, వందల ఏపీఐలున్నా వాటికి పట్టే చోటు స్వల్పం. ఎంత పెద్ద యంత్రం కొనాలన్నది తేలిగ్గానే తేలుతుంది. తుపాను వెలిశాక ఆ వేదికను ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటల్లో తిరిగి నిలబెడతారన్నది మాత్రం చాలా ప్రణాళికల్లో ఖాళీగా ఉండిపోతుంది. నా అభిప్రాయంలో రాయవలసిన మొదటి పేజీ అదే.

అంతకన్నా ముందు, సొంత సర్వర్లు ఎందుకన్నది స్పష్టంగా చెప్పుకోవాలి. ఏపీఐ సాధనాల్లో అసలు ప్రమాదం స్పెసిఫికేషన్‌కు జతచేసే ఉదాహరణల్లో ఉంటుంది. పరీక్షించే తొందరలో డెవలపర్లు నిజమైన ఖాతాదారు ఫోన్ నంబరునో, ఆధార్ సంఖ్యనో, ఇంకా చెల్లుబాటులో ఉన్న టోకెన్‌నో (తాళంచెవిలా ప్రవేశం ఇచ్చే రహస్య కోడ్) నమూనా విలువగా అతికిస్తారు. 2023లో ఏపీఐలను పరీక్షించే సాధనం పోస్ట్‌మన్, ఖాతా లేకుండా సొంత కంప్యూటర్‌లోనే పనిచేసుకునే తన స్క్రాచ్ ప్యాడ్‌కు స్వస్తి పలికినప్పుడు, అదే ఏడాది అలాంటి మరో సాధనం ఇన్‌సోమ్నియా 8.0 చాలా పనులకు ఖాతాను తప్పనిసరి చేసినప్పుడు డెవలపర్లు కలవరపడింది ఈ సమాచారం తమ చేయి దాటిపోతుందనే. వ్యక్తిగత డేటాకు తగిన రక్షణ కల్పించని సంస్థకు రూ.250 కోట్ల వరకు జరిమానా విధించవచ్చని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం చెబుతోంది. అయితే సర్వర్ మన గదిలోకి వచ్చినంత మాత్రాన ఆ టోకెన్ ఫైలులోంచి పోదు. ఎవరు ఏ ప్రాజెక్టును చూడవచ్చో సంస్థ డైరెక్టరీతో (ఉద్యోగుల ఖాతాల జాబితాతో) ముడిపెట్టడం, రహస్యాలు ఫైళ్లలోకి చేరకముందే పట్టుకునే తనిఖీ పెట్టడం మొదటి రోజు పనులు కావాలి.

ఇక ఉత్తరాంధ్ర వాతావరణం సంగతి. పైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. తిత్లీ తర్వాత ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. సాఫ్ట్‌వేర్‌ను పలు యంత్రాల మీద కలిపి నడిపే కుబర్నెటిస్‌తో కట్టిన మూడు యంత్రాల సమూహం (క్లస్టర్) ఒక యంత్రం పోయినా నిలబడుతుంది కానీ, ఆ మూడూ ఒకే గదిలో ఒకే యూపీఎస్ మీద నడుస్తుంటే ఆ లెక్కకు విలువ లేదు. రెండో కాపీని దగ్గరలో ఉందని విశాఖలో పెట్టుకోవాలనిపించడం సహజమే; హుద్‌హుద్ తీరం దాటింది విశాఖ దగ్గరే, విజయనగరం, శ్రీకాకుళం కూడా ఆ దెబ్బలోనే చిక్కుకున్నాయి. రెండో కాపీ ఈ తీరానికి దూరంగా, హైదరాబాద్‌లోనో మరో చోటనో ఉండాలి.

బ్యాకప్ అంటే ఫైళ్లు మాత్రమే అనుకోవడం మరో పొరపాటు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకు, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాకు మారాయి. జిల్లా కోడ్‌ను వాడే ప్రతి ఏపీఐకీ ఆ తేదీకి ముందు ఒక అర్థం, తర్వాత మరొక అర్థం. ఏ వెర్షన్ ఎప్పుడు అమల్లో ఉందో, దాన్ని ఎవరు ఆమోదించారో తెలిపే చరిత్ర డేటాబేస్‌లో ఉంటుంది. అది పోతే మిగిలిన ఫైళ్లు పాత రికార్డుల తగాదాలను తీర్చలేవు.

ఇంటర్నెట్‌తో సంబంధం లేని గదిలో నడపాలంటే కంటెయినర్ ఇమేజ్‌లన్నీ (నడపడానికి సిద్ధంగా ఉన్న సాఫ్ట్‌వేర్ పొట్లాలు) లోపలి రిజిస్ట్రీకి, అంటే వాటిని దాచే సొంత గిడ్డంగికి, ముందే తెచ్చుకోవాలి, లైసెన్సు ఆఫ్‌లైన్‌లో చెల్లుతుందో లేదో కొనకముందే రాతపూర్వకంగా అడగాలి. కుబర్నెటిస్ ఒక్కో వెర్షన్‌కు మద్దతు దాదాపు 14 నెలలే కాబట్టి, మూడేళ్ల ఒప్పందంలో కనీసం రెండు మూడు అప్‌గ్రేడ్‌లు తప్పవు. వాటిని పైడితల్లి సిరిమానోత్సవం, తుపానులు కలిసివచ్చే అక్టోబరులో పెట్టుకోకూడదు. సైబర్ దాడిని గుర్తించిన 6 గంటల్లో తెలియజేయాలని, లాగ్‌లను (వ్యవస్థలో ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులను) 180 రోజులు దేశంలోనే భద్రపరచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. సర్వర్ మనదైనప్పుడు ఆ లాగ్ చదివే మనిషీ మనవాడే అయి ఉండాలి.

ఆ మనిషి దొరకడమే ఇక్కడ కష్టం. రాజాం, విజయనగరం కళాశాలల్లో చదివినవారిలో ఎందరో హైదరాబాద్, బెంగళూరు దారి పడుతున్నారు. సర్వర్ల మీద పెట్టే ఖర్చులో కొంత తగ్గించి అయినా ఇద్దరు స్థానిక ఇంజినీర్లకు నిలకడైన జీతం, శిక్షణ ఇవ్వాలని నేను గట్టిగా కోరుతున్నాను. పునరుద్ధరణ విధానాన్ని ఒకరు రాయాలి. రాసినవారు సెలవులో ఉన్న రోజున, సెప్టెంబరు దాటకముందే, రెండోవారు ఆ కాగితం ఒక్కటే చేతపట్టుకుని ఖాళీ యంత్రం మీద వేదికను తిరిగి నిలబెట్టి చూపాలి.