పంజరంలోని స్టీలు గిన్నె గారికి

మారతహళ్లి,
బెంగళూరు.

అయ్యా,

మీ పనితనం మీద ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ లేదు. పొద్దున్నే పొద్దుతిరుగుడు గింజలతో నిండుతారు, రాత్రి దాకా నిండుగానే ఉంటారు. కాస్త అడుగు కనిపిస్తే మా అత్తయ్య ఓర్చుకోలేరు. "పాపం, నోరు తెరిచి అడగలేదు కదా" అంటూ ఇంకో గుప్పెడు పోసేస్తారు. నిజానికి మా చిలక నోటికి తెలుగు వచ్చు, పనిమనిషి కన్నడ వచ్చు, మా ఆఫీసు కాల్స్ విని విని "యామ్ ఐ ఆడిబుల్?" కూడా వచ్చు. అడిగే అవసరం రానివ్వకపోవడమే మీ గొప్పతనం.

ఇంత సేవకు ఫలితం ఏమిటంటే, మా ఆఫ్రికన్ గ్రే జాతి చిలకకు ఛాతీ మీద ఈకలు లేవు, తొడల మీద లేవు, రెక్కల కింద లేవు. తల మీద మాత్రం ఒక్కటి కూడా చెక్కు చెదరలేదు. పక్షుల డాక్టరు ముందు చూసింది ఆ తలనే. సొంత ముక్కు అందని చోటు అదొక్కటే. అక్కడ కూడా బోడిగా ఉంటే ఇంకో పక్షి పీకిందనో, జబ్బనో వెతకాలట. ఒళ్లంతా బోడి, తల నిండుగా ఉందంటే పీకుతున్నది తన ముక్కే.

రెక్కాడితే గానీ డొక్కాడదని మన పెద్దలు అన్నారు. ఆ మాటను మీరు రద్దు చేశారు. అడవిలో ఈ జాతి చిలక పొద్దున్నే గుంపుతో బయల్దేరి, మైళ్లు ఎగిరి, పామాయిల్ చెట్టు వెతుక్కుని, పండును కాలితో పట్టుకుని, తొక్క ఒలిచి, తింటుంది. పగలు చాలావరకు దానికే సరిపోతుంది. మా ఇంట్లో ఆ ఉద్యోగం పది నిమిషాల్లో ముగుస్తుంది. మిగతా రోజంతా ఏం చేయాలి? మా కంపెనీలో ప్రాజెక్టు లేనివాణ్ణి బెంచ్ మీద కూర్చోబెడతారు. జీతం వస్తుంది, పని ఉండదు. నెల తిరక్కుండానే గోళ్లు కొరకడం మొదలుపెడతాడు. చిలకకు గోళ్లకన్నా ఈకలు దగ్గర.

న్యాయంగా చెప్పాలంటే డాక్టరు మిమ్మల్ని మొదటే అనుమానించలేదు. రక్తం, రెట్ట పరీక్ష చేయించారు. కాలేయం, చర్మంలో ఇన్ఫెక్షన్, పరాన్నజీవులు, పంజరం తీగ మీది జింక్ పూత కొరికి ఒంట్లోకి విషం ఎక్కడం, ఇలా చాలా కారణాలుంటాయట. రిపోర్టులు చూడకుండా "బోర్ కొట్టి పీకుతోంది" అని తేల్చేయకూడదట. మా రిపోర్టులన్నీ బాగానే వచ్చాయి. ఏదో ఒకటి తేడాగా వచ్చి ఉంటే మీరు తప్పించుకునేవారు.

ఈలోపు అపార్ట్‌మెంటంతా డాక్టర్లయిపోయింది. ఒకావిడ వేపనూనె రాయమన్నారు. నూనె అంటితే ఈకలు అతుక్కుపోయి ఒంట్లో వేడి నిలవదు, పైగా అదంతా ముక్కుతో సవరించుకుంటూ కడుపులోకి పంపుకుంటుంది. మెడకు ప్లాస్టిక్ కాలర్ తగిలించమన్నాడు ఒకాయన. కండ దాకా కొరుక్కునే పక్షికి గాయం మానేవరకు డాక్టర్లు వేస్తారు గానీ, అది ముక్కును ఆపుతుంది, ముక్కుకు పని ఇవ్వదు. దిష్టి తీయమన్నవాళ్లతో నాకు పేచీ లేదు, ఆ మిరపకాయల పొగతో తప్ప. పక్షుల ఊపిరితిత్తులు మహా సున్నితం. ఇది లాభం లేదు, మన పచ్చ రామచిలకను తెచ్చుకోండన్నారు ఇంకొకరు. దాన్ని పంజరంలో పెడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఈ విదేశీ చిలకకైతే కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ కాగితం ఉంది. దీనికి చేయడానికి ఏం పని ఉంది అని అడిగే గడి మాత్రం ఆ ఫారంలో నాకు కనిపించలేదు.

మీకు తోడుదొంగలు కూడా ఉన్నారు. అమెరికా కాల్స్ కోసం అర్ధరాత్రి దాటినా వెలిగే హాల్ లైటు ఒకటి. చిలకకు పది, పన్నెండు గంటల చీకటి నిద్ర కావాలి. రెండోది మా ఇంటిల్లిపాది ప్రేమ. బుద్ధిగా కూర్చున్నంతసేపు ఎవరూ పలకరించరు. ఒక్క ఈక పీకగానే "వద్దు బంగారం" అంటూ అందరం పరుగెత్తుతాం. లెక్క కట్టుకోవడం దానికి చేతనవును.

కాబట్టి ఇందుమూలంగా తెలియజేయడమేమంటే, మీ పదవి రద్దయింది. గింజల్లో కొవ్వు దండిగా, విటమిన్ ఏ అంతంతమాత్రంగా ఉంటుంది గనుక, ఇకపై అవి బుద్ధిగా ఉన్నప్పుడు ఇచ్చే లంచం మాత్రమే. క్యారెట్, చిలగడదుంప, మునగాకు డ్యూటీలో చేరాయి. పెల్లెట్లు, అంటే పక్షుల కోసం తయారుచేసిన గుళికల తిండి, మెల్లమెల్లగా వస్తాయి. ఒక్కసారిగా మారిస్తే ఇది తిండే అని గుర్తుపట్టక పస్తుంటుందట. అందుకే రోజూ వంటింటి త్రాసు మీద దాన్ని గ్రాముల్లో తూస్తున్నాం. తిండి ఏదైనా సరే పళ్లెంలో దొరకదు. పాత పేపరు పొట్లాల్లో, పొట్టు తీయని మొక్కజొన్న పొత్తులో, కొబ్బరి పీచులో వెతుక్కోవాలి. మొదట్లో పొట్లాన్ని చూసి అలిగింది. అత్తయ్య విప్పి తినిపించారు. ఇప్పుడు తనే చించుతోంది, అందులోనూ రియల్ ఎస్టేట్ ప్రకటనల పేజీ అంటే ప్రత్యేకమైన కసి.

పీకడం ఆగిందా అంటే, తగ్గింది. ఛాతీ మీద కొన్ని మొలకలు వచ్చాయి. కుదుళ్లు పాడైన చోట ఇక రాకపోవచ్చని డాక్టరు ముందే చెప్పారు.

మిమ్మల్ని బాల్కనీకి బదిలీ చేస్తున్నాం. పొద్దున పూట నీళ్లు పట్టుకుని నిలబడండి, అది స్నానం చేస్తుంది. పొడిబారిన చర్మానికి మంచిది. పాత స్థానంలోకి ఎవరినీ తీసుకోవడం లేదు.

ఇట్లు,
ఇంటివారు

తా.క.: ఫ్రిజ్ వెనక గింజలతో నిండుగా దాక్కున్న మీ తమ్ముడు చిన్న గిన్నె కూడా దొరికాడు. అత్తయ్యతో చర్చలు జరుగుతున్నాయి.