కదలని కంప్యూటర్‌కి ల్యాప్‌టాప్ ఎందుకు?

ఎంసెట్ కౌన్సెలింగ్‌లో సీటు ఖాయమైందంటే చాలు, ఇంట్లో తర్వాతి చర్చ ల్యాప్‌టాప్ మీదే. (దాని పేరు ఈఏపీసెట్‌గా మారి ఏళ్లవుతున్నా ఇళ్లలో ఎవరూ అలా అనరు లెండి.) ఏ బ్రాండు, ఎంత బడ్జెట్, ప్రాసెసర్ ఐ5 చాలా ఐ7 కావాలా, పండగ ఆఫర్ దాకా ఆగాలా అని బంధువుల్లోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగులందరికీ ఫోన్లు వెళ్తాయి. హాస్టల్‌కు వెళ్లే పిల్లలకు ల్యాప్‌టాప్ కొనడంలో తప్పు పట్టాల్సిందేమీ లేదు. రెండు మంచాల మధ్య మిగిలిన జాగాలో డెస్క్‌టాప్ పెట్టుకోమని చెప్పేవాళ్లు ఎవరుంటారు?

చిక్కల్లా ఎక్కడంటే, అదే లెక్కను ఇంట్లోనే ఉండిపోయే కంప్యూటర్‌కు కూడా వేసేస్తున్నాం. పదో తరగతి పిల్ల ప్రాజెక్టులకి, నాన్న జీఎస్టీ రిటర్నులకి, నానమ్మ డాలస్‌లోని బాబాయితో వీడియో కాల్ మాట్లాడ్డానికి అని ఒక ల్యాప్‌టాప్ వస్తుంది. అది గడప దాటేది ఏడాదికి ఏ రెండుసార్లో. ఛార్జర్ గోడకే గుచ్చి ఉంటుంది. టచ్‌ప్యాడ్ చేతికి అలవాటు కాక మౌసు తగిలిస్తారు. కొన్నాళ్లకు ఏదో ఒక కీ పనిచేయడం మానేస్తే బయటి కీబోర్డు కూడా వచ్చి చేరుతుంది. ఇక దానికీ డెస్క్‌టాప్‌కీ తేడా ఏమిటయ్యా అంటే, తెర చిన్నది, మెడ వంచి చూడాలి, రిపేరు ఖరీదు.

ఒకే చోట ఉండే కంప్యూటర్ డెస్క్‌టాప్ అయితేనే మేలని నా అభిప్రాయం. అంటే పాతకాలం పెద్ద డబ్బానే కానక్కర్లేదు. ఈ మధ్య బాగా దొరుకుతున్న మినీ పీసీ అనే చిన్న డబ్బా సగం ఇళ్లకు సరిపోతుంది.

వేగం కోసమే ఈ మాట అంటున్నాననుకోవద్దు. వేగంలో తేడా ఉన్నమాట నిజమే. రెండింటి మీదా ఐ5 అనే స్టిక్కరే ఉంటుంది కానీ, ల్యాప్‌టాపుల్లో వచ్చే ఇంటెల్ 12వ తరం 1235యూ చిప్ 15 వాట్లకు తయారైంది, డెస్క్‌టాపుల్లో వచ్చే అదే తరం 12400 చిప్ 65 వాట్లకు తయారైంది. పెళ్లి వీడియో ఎడిట్ చేసే కుర్రాడికి ఈ తేడా అరగంటలో తెలిసిపోతుంది. బ్యాంకు పనులకి, యూట్యూబుకి, వర్డ్ ఫైళ్లకి మాత్రం జన్మలో తెలియదు. మామూలు ఇంటివాడిని బాధపెట్టేది వేగం కాదు, మూడో ఏడు వచ్చే రిపేరు బిల్లు.

డెస్క్‌టాప్ ఆన్ కాలేదని వీధి చివర షాపుకి తీసుకెళ్తే ఏం జరుగుతుందో చాలామందికి తెలుసు. మెకానిక్ పక్క ప్లేటు ఊడదీసి, బ్లోయర్‌తో దుమ్ము ఊదుతాడు. ఫ్యానుకి పేరుకున్న బూజు, ఒక్కోసారి ఎండిపోయిన బల్లి బయటపడతాయి. తర్వాత ర్యామ్ (తాత్కాలిక మెమరీ) స్ట్రిప్ పీకి, దాని బంగారు రంగు అంచుని పిల్లల ఎరేజర్‌తో నాలుగుసార్లు రుద్ది మళ్లీ నొక్కుతాడు. పావుగంటలో బీప్ మంటూ లేస్తుంది. వినడానికి నాటువైద్యంలా ఉన్నా, ఆ అంచు మీద పట్టిన మురికి పోతే కాంటాక్టు సరిగ్గా అందుతుంది, అంతే. అలా లేవకపోతే లోపలి భాగాలకి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ మార్చి చూస్తాడు, ఆ తర్వాత హార్డ్ డిస్క్. ఒక్కో భాగం విడిగా దొరుకుతుంది, సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అయితే సెకండ్ హ్యాండ్‌లో కూడా దొరుకుతుంది.

అదే మెకానిక్ ముందు పలుచటి ల్యాప్‌టాప్ పెట్టి చూడండి. చాలా మోడళ్లలో ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి (అతికించేసి) ఉంటుంది, ఎరేజర్‌కి పనే లేదు. కీబోర్డు పాడైతే కొన్నింటిలో పై ప్యానెల్ మొత్తం మార్చాల్సి వస్తుంది. ఛార్జింగ్ పిన్ను వదులైందా, అది నేరుగా మదర్‌బోర్డు మీదుంటే చిప్ లెవెల్ పని తెలిసినవాడు కావాలి, అలాంటివాడు ప్రతి ఊళ్లో ఉండడు. ఇక టీ ఒలికిందా! డెస్క్‌టాప్‌కి అయితే కొన్ని వందల రూపాయల కీబోర్డు పోతుంది. ల్యాప్‌టాప్‌లో ఆ టీ కీల సందుల్లోంచి దిగేది మదర్‌బోర్డు మీదకే. చిన్నపిల్లలున్న ఇంటికి ఈ ఒక్క కారణం చాలదా అనిపిస్తుంది నాకు.

2025 చివరి నుంచి ఇంకో సంగతి తోడైంది. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగబడి కొంటుండటంతో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. క్రూషియల్ పేరుతో మనకు ర్యామ్, హార్డ్ డిస్క్ బదులు వాడే ఎస్ఎస్‌డీ అమ్మిన మైక్రాన్ కంపెనీ ఆ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. ఇలాంటి రోజుల్లో 8 జీబీతో కొని, ధర దిగాక మరో 8 జీబీ వేసుకునే వీలుండటం చిన్న విషయం కాదు. ర్యామ్ స్ట్రిప్ గుచ్చే స్లాట్ ఉంటేనే ఆ వీలు. సోల్డర్ చేసిన మెషీన్‌లో కొన్న రోజు ఎంత ఉందో చివరి రోజూ అంతే.

ఇక మినీ పీసీ. టిఫిన్ బాక్సంత ఉంటుంది. మానిటర్ వెనక ఉండే స్క్రూ రంధ్రాలకి బిగించేస్తే బల్ల మీద జాగా కూడా తినదు. లోపల వేసేది ఎక్కువగా ల్యాప్‌టాప్ చిప్పే, ల్యాప్‌టాప్ సైజు ర్యామే. చాలా మోడళ్లలో నాలుగు స్క్రూలు విప్పితే ర్యామ్, ఎస్ఎస్‌డీ రెండూ చేతికొస్తాయి. ఐటీ కంపెనీలు కొన్నేళ్లు వాడి లీజు తీరాక వదిలేసిన లెనోవో థింక్‌సెంటర్, డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ చిన్న డబ్బాలు రీఫర్బిష్డ్ (బాగుచేసి మళ్లీ అమ్మే పాత సరుకు) మార్కెట్లోకి వస్తున్నాయి. ఆఫీసులో రోజంతా నడవడానికి చేసినవి కాబట్టి గట్టి సరుకు. వీటిలో చూసుకోవాల్సింది ఒక్కటి: ఇంటెల్ అయితే 8వ తరానికి తగ్గకూడదు. అంతకంటే పాతవాటిని, ఒకటీ అరా మినహాయిస్తే, విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. విండోస్ 10 మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ‘ఐ7 సార్, చవగ్గా ఇస్తాను’ అని 6వ తరం డబ్బా అంటగట్టేవాళ్లు ఇప్పుడే ఎక్కువ కనపడతారు. పేరు వినని బ్రాండ్ల కొత్త మినీ పీసీలతో ఇంకో తలనొప్పి. అడాప్టర్ పోతే సరిగ్గా సరిపోయేది ఎక్కడ దొరుకుతుందో, అందులోని విండోస్ అసలైనదో కాదో అడిగి తెలుసుకోవాలి. గేములాడే పిల్లలున్న ఇంటికి మాత్రం ఇది చాలదు, గ్రాఫిక్స్ కార్డు పెట్టే జాగా ఉన్న పెద్ద క్యాబినెట్టే కావాలి.

ల్యాప్‌టాప్ వైపు గట్టి వాదన కరెంటు. కోత పడితే దానికి సొంత బ్యాటరీ ఉంది, డెస్క్‌టాప్‌కి యూపీఎస్ కొనాలి, ఆ యూపీఎస్ బ్యాటరీ రెండు మూడేళ్లకోసారి మార్చాలి. ఇది ఒప్పుకోవాల్సిందే. బిల్లు లెక్క కూడా చూద్దాం. పెద్ద డెస్క్‌టాప్, మానిటర్ కలిపి 80 వాట్లు అనుకుని రోజుకు 6 గంటలు వాడితే నెలకు 14 యూనిట్ల పైచిలుకు. ల్యాప్‌టాప్ 20 వాట్ల చొప్పున నాలుగు యూనిట్లు కూడా కాదు. మినీ పీసీకి మానిటర్‌తో కలిపి 35 వాట్లు వేసుకున్నా ఆరు యూనిట్ల చిల్లరే. అదే 35 వాట్లకి చిన్న యూపీఎస్ కూడా పెద్ద డబ్బా కన్నా చాలా ఎక్కువసేపు నిలబడుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెడితే సరిపోతుంది, చాలావాటికి వెనకాలో పక్కనో ఆ స్విచ్ ఉంటుంది, ఎవరూ చూడరు. అన్నట్టు, కరెంటు పోతే ల్యాప్‌టాప్ వెలుగుతూనే ఉన్నా వైఫై రూటర్ ఆరిపోతుంది కదా. దాన్ని మరిచిపోయి బ్యాటరీ బ్యాకప్ గంటలు లెక్కపెట్టుకుంటాం.

ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉండే ల్యాప్‌టాప్ బ్యాటరీకి ఆయుష్షు కూడా తక్కువే. నిండుగా, వేడిగా ఏళ్ల తరబడి ఉంటే కొన్ని ఉబ్బుతాయి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు కనిపించి, క్లిక్ బిగుసుకుపోతే అనుమానించాల్సింది దాన్నే. అలాంటిది వాడటం ఆపేసి బ్యాటరీ తీయించాలి. చాలా కంపెనీలు 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సెట్టింగ్ ఇస్తున్నాయి. టేబుల్ మీదే ఉండే ల్యాప్‌టాప్‌కి మొదటి రోజే అది పెట్టుకోవాలి.

ఆకారం సంగతి సరే, మీ పని ఏ సాఫ్ట్‌వేర్‌లో నడుస్తుందో అది ఇంకా ముందు తేలాలి. మన ఊళ్లలో ఇది చాలా కంప్యూటర్ల తలరాత రాస్తుంది. డీటీపీ చేసేవాళ్లు ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు కొడుతున్నారు, అది విండోస్ లోకం. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ట్యాలీ కూడా విండోస్‌దే. డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్, వేలిముద్ర యంత్రం డ్రైవర్లు కూడా ముందు విండోస్‌కే వస్తాయి. ఇంటి దగ్గర అకౌంట్లు రాసే వ్యక్తికి విండోస్ లేకుండా, ఎక్కువగా బ్రౌజర్ మీదే నడిచే గూగుల్ క్రోమ్‌బుక్ కొనిస్తే వారంలో తిరిగొస్తుంది. యూనికోడ్‌లో తెలుగు రాసుకోవడానికైతే దేన్నైనా వాడొచ్చు. విండోస్‌లోనే 2019 నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు వస్తోంది, విడిగా ఏమీ దించుకోనక్కర్లేదు.

క్రోమ్‌బుక్‌కి ఎవరూ పట్టించుకోని మంచి గుణం ఒకటుంది. 2021 నుంచి వచ్చిన మోడళ్లకి గూగుల్ పదేళ్ల అప్‌డేట్లు ఇస్తానంది. 2023 నుంచి హెచ్‌పీ వాటిని చెన్నై దగ్గరే తయారు చేస్తోంది. బ్రౌజర్ తప్ప వేరే పని లేని రిటైరైన టీచరు గారికి నిక్షేపంగా సరిపోతుంది. 4 జీబీది మాత్రం వద్దు.

ట్యాబ్ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచింది. పాఠం చూడ్డానికి అవి పనికొస్తాయి, చేయడానికి అంతగా పనికిరావు. మన పిల్లలు రాయబోయే పరీక్షలు ఏ పరికరం మీదున్నాయో చూడండి. ఎంసెట్ 2018 నుంచి, జేఈఈ మెయిన్ 2019 నుంచి కంప్యూటర్ మీదే. జేఈఈలో అంకె జవాబు కూడా తెర మీది కీప్యాడ్‌ని మౌసుతో నొక్కి ఇవ్వాలి. వేలితో తెర తోయడం ఒక్కటే తెలిసిన పల్లెటూరి పిల్లాడు పరీక్ష హాల్లో మొదటిసారి మౌసు పట్టుకుంటే వాడి తెలివికి సంబంధం లేకుండా నిమిషాలు పోతాయి. ఇంటి హాల్లో అందరికీ కనిపించేలా పెట్టిన డెస్క్‌టాప్‌తో మౌసు అలవాటు కావడం ఒక లాభం, పిల్లలు ఏం చూస్తున్నారో వేరే కాపలా అక్కర్లేకపోవడం ఇంకో లాభం. ల్యాప్‌టాప్ అయితే పడగ్గదిలోకి వెళ్లి తలుపేసుకుంటుంది.

మానిటర్‌లోనే కంప్యూటర్ మొత్తం ఇమిడిపోయే ఆల్ ఇన్ వన్ గురించి ఒక్క ముక్క. చూడ్డానికి షోరూమ్‌లో అందంగా ఉంటుంది. తెర పాడైతే కంప్యూటర్ పోతుంది, కంప్యూటర్ పాతబడితే మంచి తెర కూడా పోతుంది. హోటల్ రిసెప్షన్‌కి బాగుంటుంది.

యాపిల్ మ్యాక్ మినీ నా వాదనకే అడ్డం తిరుగుతుంది. 2024 నవంబరులో ఎం4 చిప్‌తో, 16 జీబీ ర్యామ్‌తో 59,900 రూపాయలకు మొదలైంది. చప్పుడు లేదు, కరెంటు దాదాపు తినదు, ఏళ్ల తరబడి నడుస్తుంది. కానీ ర్యామ్ పెంచలేం, రిపేరుకి వీధి మెకానిక్ పనికిరాడు. పైగా అను ఫాంట్లు, ట్యాలీ పని ఉన్నవాళ్లకి మొదటి మెట్టులోనే ఆగిపోతుంది. ఫొటోలు, సంగీతం, కోడింగ్ పని ఉండి, చుట్టూ ఐఫోన్లే ఉన్న ఇంటికైతే నేను కాదనను.

ల్యాప్‌టాపే న్యాయమైన ఇళ్లూ ఉన్నాయి, అవి తక్కువేం కాదు. బల్లే లేని రెండు గదుల ఇంట్లో డెస్క్‌టాప్ ఎక్కడ పెడతారు? పని అయ్యాక బీరువాలో పెట్టుకోగల వస్తువే అక్కడ దారి. వారంలో మూడు రోజులు ఆఫీసుకి, రెండు రోజులు ఇంటి నుంచి పని చేసేవాళ్లకీ అంతే. వాళ్లు కాస్త మందంగా ఉన్నా లోపల స్లాట్లు ఉన్నది ఎంచుకుని, ఇంట్లో ఉన్నంతసేపూ దాన్ని స్టాండు మీద కంటి ఎత్తుకి లేపి, కీబోర్డు, మౌసు విడిగా పెట్టుకుంటే మెడ నొప్పి డాక్టర్ దాకా వెళ్లదు.

షాపులో ల్యాప్‌టాప్ చూపించినప్పుడు స్లాట్ ఉందా అని అడిగితే సేల్స్‌మన్ ఉందనే అంటాడు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్, తర్వాత మెమరీ నొక్కండి. కింద ‘ఫామ్ ఫ్యాక్టర్’ ఎదురుగా ‘ఎస్ఓడిమ్’ అని ఉంటే విప్పి మార్చగల స్ట్రిప్ ఉన్నట్టు, పక్కనే ఎన్ని స్లాట్లు వాడారో కూడా కనిపిస్తుంది. ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే బోర్డుకి అతికించేసినట్టు. అప్పుడు ఒకేసారి 16 జీబీది తీసుకోండి, లేదా ఇంకో మోడల్ తీయమనండి.