కారు తుపాకీ బీరువా కాదు

2023 జనవరి 21న కాన్సస్ రాష్ట్రం సమ్నర్ కౌంటీలో ఒక పికప్ ట్రక్కు. ముందు సీట్లో 30 ఏళ్ల మనిషి. వెనక వేట సామాను, అందులో ఒక రైఫిల్, పక్కనే కుక్క. అది అటూ ఇటూ కదులుతూ రైఫిల్ మీద కాలు వేసింది. తూటా పేలి ముందు సీట్లో ఉన్న మనిషి ప్రాణం పోయింది.

'మనిషిని కాల్చిన కుక్క' అంటూ ఈ వార్త ప్రపంచమంతా తిరిగింది. చదివి నవ్వుకున్నవాళ్లూ ఉన్నారు. అసలు అడగాల్సింది కుక్క గురించి కాదు. ట్రక్కు ఎక్కే ముందు ఆ రైఫిల్ ఛాంబర్ (గొట్టం మొదట్లో తూటా కూర్చునే అర) లోంచి తూటా ఎందుకు తీయలేదు? వాహనంలో, వెనక సీటు మీద దానితో ఏం పని?

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతోనే వేట కథ దాదాపు ముగిసింది కాబట్టి ఇది అమెరికా సంగతే. అక్కడ అక్టోబరు, నవంబరు వచ్చాయంటే జింకల సీజన్. మనవాళ్లూ కొందరు లైసెన్సులు తీసుకుని అడవి దారి పడుతున్నారు. తప్పేం లేదు. కానీ వీళ్లతో మాట్లాడితే వినిపించేదంతా గురి గురించి, స్కోప్ (గురి చూసే దుర్భిణి) గురించి. ఇంటి నుంచి అడవి దాకా రైఫిల్ ఎలా వెళ్తుందన్న మాట మాత్రం రాదు.

ఎప్పుడైనా వస్తే అది చట్టం దగ్గర మొదలై చట్టం దగ్గరే ఆగిపోతుంది. 'మన స్టేట్‌లో ఓకేనా?' అంతే. ఆ చట్టమైనా ఒకటి కాదు. టెక్సస్‌లో లోడ్ చేసిన రైఫిల్‌ని ట్రక్కులో వేసుకుని తిరిగినా మామూలుగా ఎవరూ ఏమీ అనరు. పెన్సిల్వేనియాలో అదే నేరం. 'లోడ్' అంటే ఏమిటన్న దాని మీద కూడా ఏకాభిప్రాయం లేదు. ఒకచోట ఛాంబర్‌లో తూటా ఉంటేనే లోడ్ అయినట్టు, ఇంకోచోట తూటాలున్న మ్యాగజైన్ (తూటాలు పెట్టే డబ్బా) తగిలించి ఉన్నా చాలు. రాష్ట్రాలు దాటి వెళ్లేవాళ్లకు 1986లో వచ్చిన ఫెడరల్ చట్టం కొంత రక్షణ ఇస్తుంది. తుపాకీలో తూటా ఉండకూడదు. తుపాకీ గానీ తూటాలు గానీ కూర్చున్న చోటి నుంచి అందకూడదు. విడిగా డిక్కీ లేని వాహనమైతే తాళం వేసిన పెట్టెలో ఉండాలి. గ్లోవ్ బాక్స్‌కి తాళం ఉన్నా అది లెక్కలోకి రాదని చట్టమే చెప్పింది.

ఆ రక్షణ కూడా ఎంత పలచనో చూడండి. 2005లో యూటా నుంచి పెన్సిల్వేనియాకు విమానంలో వెళ్తున్న ఒకాయనకు న్యూజెర్సీ రాష్ట్రంలోని నూవార్క్‌లో కనెక్టింగ్ ఫ్లైట్ తప్పింది. పిస్టల్ ఉన్న పెట్టె చేతికి రావడంతో దాన్ని తీసుకుని రాత్రికి హోటల్‌కి వెళ్లాడు. మర్నాడు ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో తుపాకీ ఉందని తనే నిజాయితీగా చెప్పాడు, అరెస్టయ్యాడు. హోటల్లో ఆ రాత్రి పెట్టె ఆయన చేతికి అందుబాటులో ఉంది కాబట్టి 1986 చట్టం కాపాడదని 2010లో అప్పీల్ కోర్టు తేల్చింది. చట్టాన్ని నమ్ముకుని ధీమాగా ఉండేవాళ్లు ఈ ఒక్క కేసు చదివితే చాలు.

కానీ నా వాదన చట్టం గురించి కాదు. పోలీసు ఆపినప్పుడు ఏం జరుగుతుందో చట్టం చెబుతుంది. కాన్సస్‌లో ఆ ట్రక్కుని పోలీసు ఆపలేదు. కుక్క చట్టం చదవలేదు.

గత నవంబరులో నాకు బాగా తెలిసిన ఒక కుర్రాడు మొదటిసారి వేటకు బయలుదేరుతుంటే సామాను సర్దడానికి సాయం వెళ్లాను. స్లీపింగ్ బ్యాగ్, ఐస్ పెట్టె, బూట్లు అన్నీ డిక్కీలోకి వెళ్లాయి. రైఫిల్ మాత్రం మెత్తటి గుడ్డ సంచీలో, వెనక సీటు మీద, పిల్లల కారు సీటుకి ఆనించి ఉంది. అదేమిటయ్యా అన్నాను. 'సేఫ్టీ ఆన్‌లోనే ఉంది అన్నా, టెన్షన్ పడకు' అన్నాడు.

ఈ సేఫ్టీ అనే మాటే కొంప ముంచుతోంది. అది ఒక చిన్న మీట. ట్రిగ్గర్‌నో దాని వెనకున్న భాగాన్నో అడ్డుకుంటుంది, అంతే. అరిగిపోవచ్చు. సంచీలోంచి లాగేటప్పుడు గుడ్డ తగిలి పక్కకు జరగొచ్చు. స్కోప్‌తో కలిపి మూడున్నర కిలోల పైన ఉండే ఇనుము సడెన్ బ్రేక్ పడితే ఎటు ఎగురుతుందో సేఫ్టీకి తెలియదు. ఛాంబర్ ఖాళీగా ఉందా లేదా అన్నదొక్కటే లెక్క. కంటితో చూసి, వేలు పెట్టి తడిమి తేల్చుకోవాల్సిన సంగతి అది.

ఇక్కడే నాకు మహా ఇష్టమైన ఉపాయం ఒకటుంది. జింకల వేటకు వెళ్లేవాళ్లలో చాలామంది చేతిలో ఉండేది బోల్ట్ యాక్షన్ రైఫిల్. ముందు మ్యాగజైన్ ఖాళీ చేసి, ఛాంబర్‌లో ఏమీ లేదని చూసుకోవాలి. తర్వాత పక్కనున్న చిన్న మీట నొక్కి (కొన్నింటిలో ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని) వెనక్కి లాగితే బోల్ట్ మొత్తం చేతిలోకి వచ్చేస్తుంది. పట్టుమని పది సెకన్ల పని. అరచేయి పొడుగుండే ఉక్కు కడ్డీ అది. తూటాని ఛాంబర్‌లోకి నెట్టేదీ, మూసి పట్టేదీ, లోపలి సూదితో పేల్చేదీ అదే. అది తీశాక వెనక నుంచి కన్ను పెట్టి చూడండి, గొట్టం అవతలి వెలుతురు గుండ్రంగా కనిపిస్తుంది. రైఫిల్ ఖాళీగా ఉందనడానికి ఇంతకు మించిన రుజువు లేదు. కుక్క కాదు, ఏనుగు తొక్కినా అది పేలదు.

బోల్ట్ జేబులో వేసుకుని, రైఫిల్‌ని గట్టి పెట్టెలో పెట్టి తాళం వేసి డిక్కీలో పడేయండి. దారిలో టిఫిన్‌కి ఆగినప్పుడు ఎవడో డిక్కీ పగలగొట్టి ఎత్తుకుపోయినా వాడి చేతికి దక్కేది ఖరీదైన చేతికర్ర. ఆ మోడల్‌కి వేరే బోల్ట్ సంపాదించి, సరిగ్గా కుదిరేలా చేసుకుంటే తప్ప దాన్ని పేల్చలేడు. అమెరికా ఫెడరల్ చట్టం లెక్కలో తుపాకీ అంటే సీరియల్ నంబరుండే రిసీవర్, అంటే బోల్ట్, ట్రిగ్గర్ అమరే మధ్య భాగం. విడి బోల్ట్ వట్టి స్పేర్ పార్టు. ఇంత సులువైన పని అక్కడ చట్టం మామూలుగా అడగదు, దుకాణంలోనూ నొక్కి చెప్పరు. లీవర్ యాక్షన్ (కింది మీట లాగి తూటా ఎక్కించేది) రైఫిల్‌కీ, సెమీ ఆటోమేటిక్ (తనంతట తనే తర్వాతి తూటా ఎక్కించుకునేది) రైఫిల్‌కీ ఇది ఇంత తేలిగ్గా కుదరదు, నిజమే. వాటికి ఛాంబర్ ఖాళీ అని చూపించడానికి అందులో దూర్చే రంగు ప్లాస్టిక్ జెండా దొరుకుతుంది. రెండు మూడు రైఫిళ్లుంటే దేని బోల్ట్ దానికే పెట్టాలి. కలిసిపోతే ప్రమాదం.

దొంగతనం మాట ఊరికే అనలేదు. అమెరికాలో ఇప్పుడు తుపాకులు ఎక్కువగా చోరీ అయ్యేది ఆగి ఉన్న కార్లలోంచే. 2015 జూలై 1న శాన్ ఫ్రాన్సిస్కోలో తండ్రితో కలిసి సముద్రం ఒడ్డున నడుస్తున్న ఓ యువతి తూటా తగిలి చనిపోయింది. దేశ రాజకీయాలనే కుదిపేసిన సంఘటన అది. కాల్చినవాడు ఎవరు, ఏ దేశంవాడు అని ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. ఆ పిస్టల్ నాలుగు రోజుల ముందు ఒక ఫెడరల్ అధికారి కారులోంచి పోయిందన్న సంగతి మాత్రం మూలన పడింది. తుపాకీ వాడకంలో శిక్షణ పొందిన అధికారి ఆయన. వెనక అద్దం నిండా తుపాకీ కంపెనీల స్టిక్కర్లు అంటించుకుని తిరిగే మన వేటగాడు లోపలేముందో దొంగకి బోర్డు పెట్టి మరీ చెబుతున్నాడు.

పశువుల మంద కాసుకునే రైతుకు కొయోట్ (తోడేలు లాంటి చిన్న జంతువు) కనిపిస్తే పెట్టె తాళం తీసి, బోల్ట్ పెట్టి, తూటా ఎక్కించేలోపు అది పారిపోతుందని అంటారు. ఆయన పొలంలో ఆయన సంగతి వేరు, ఒప్పుకుంటాను. కానీ హైవే మీద మూడు గంటలు ప్రయాణించి జింక కోసం వెళ్లేవాడికి దారిలో ఏ కొయోట్ అడ్డొస్తుంది? రోడ్డు మీద నుంచి, కారులోంచి కాల్చడం దాదాపు అన్ని చోట్లా నిషేధమే. చాలా రాష్ట్రాల్లో వాహనంలో లోడ్ చేసిన తుపాకీ వద్దన్న నిబంధన పుట్టిందే రాత్రిపూట లైట్లు వేసి జింకల్ని కొట్టే దొంగ వేటగాళ్లని ఆపడానికి.

నాకు అర్థం కానిది ఇంకోటుంది. ఇదే మనిషి విమానం ఎక్కేటప్పుడు ఎంత బుద్ధిగా ఉంటాడు! తూటాలు తీసేస్తాడు, గట్టి పెట్టె కొంటాడు, తాళం వేసి చెవి తన దగ్గరే పెట్టుకుంటాడు, కౌంటర్‌లో చెప్పి చెక్-ఇన్ లగేజీలో వేస్తాడు. ఒక్క మాట గొణగడు. దిగి అద్దె కారు ఎక్కగానే అదే రైఫిల్ వెనక సీటు మీద పడుకుంటుంది. విమానం ఊరందరిదీ. కారు నాది. తేడా అంతా అక్కడుంది.

కారుని మనం సొంత గదిలా చూస్తాం. తలుపు వేస్తే ఇల్లు, అద్దం ఎక్కిస్తే గోడ. పర్సు, ల్యాప్‌టాప్, పాస్‌పోర్టు అన్నీ అక్కడే. ఏసీ ఆపి దిగిన నిమిషాల్లో అదే గది పొయ్యి అవుతుందని తెలిసీ నమ్మం. అమెరికాలో ఏటా సగటున 37 మంది దాకా పిల్లలు వేడెక్కిన కార్లలో చనిపోతున్నారు. వాళ్లలో సగానికి పైగా, వెనక సీట్లో ఉన్నారన్న సంగతి పెద్దవాళ్లు మరిచిపోయినవాళ్లే. చెడ్డ తల్లిదండ్రులు కారు వాళ్లు. అలవాటైన దారి, అలవాటైన పని, బుర్ర ఎక్కడో. ఎంతో జాగ్రత్తపరుడైన వేటగాడు సాయంత్రం చలికి వణుకుతూ, చీకట్లో, అలసిపోయి ట్రక్కు దగ్గరికొచ్చి ఛాంబర్ చూడటం మరిచిపోయేది సరిగ్గా ఇలాగే. అందుకే జ్ఞాపకాన్ని నమ్ముకునే ఏర్పాటు పనికిరాదు. బోల్ట్ జేబులో బరువుగా తగులుతుంటే మరిచిపోవడం కష్టం.

ఇదంతా ఆ రోజు మా కుర్రాడికి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. నా ముందే బోల్ట్ తీసి, గొట్టంలోంచి వెలుతురు చూసి, తెగ మెచ్చుకున్నాడు. గట్టి పెట్టె కొని తాళం కూడా వేశాడు. మర్నాడు మధ్యాహ్నం దారిలోంచి ఫోన్ చేశాడు.

'అన్నా, నువ్వు చెప్పినట్టే చేశా. బోల్ట్ జాకెట్ జేబులోనే ఉంది.'

'మంచిది. ఎక్కడున్నావు?'

'భోంచేస్తున్నాం. లోపల ఉక్కగా ఉందని జాకెట్ కారులో వదిలేసి వచ్చా.'