పిట్ట పాడిన వేళ, మనం మీట నొక్కిన వేళ

ఏ పక్షి ఏ వేళ ఎంత పాడుతుందో తేల్చాలంటే ఔత్సాహికుల రికార్డింగులు పెద్ద నిధి. పక్షుల గొంతులు పంచుకునేందుకు 2005లో మొదలైన జెనో-కాంటో వెబ్‌సైటులో తేదీ, వేళ, చోటు రాసి ఉన్న శబ్దాలు లక్షల్లో ఉన్నాయి. అయితే వాటిని గంటలవారీగా లెక్కపెట్టి గ్రాఫ్ గీస్తే, అందులో ముందుగా మనుషుల దినచర్యే బయటపడుతుంది.

ఒక పిట్ట గొంతు ఉదయం 6–7 మధ్య వచ్చిన 400 రికార్డింగుల్లో 80 సార్లు, మధ్యాహ్నం 1–2 మధ్య వచ్చిన 20లో 5 సార్లు వినిపించిందనుకుందాం. సంఖ్య చూస్తే ఉదయం పదహారు రెట్లు. నిష్పత్తి చూస్తే ఉదయం 20 శాతం, మధ్యాహ్నం 25. ఆ 25నీ వెంటనే నమ్మకూడదు. మిట్టమధ్యాహ్నం ఊరికే రికార్డు చేసేవాళ్లు తక్కువ. పాట చెవిన పడ్డాకే మీట నొక్కుతారు. నిశ్శబ్దాన్ని ఎవరూ పంపరు కనుక హారంలో, అంటే భాగించే మొత్తం రికార్డింగుల లెక్కలో, ఉండాల్సిన సున్నాలు (పిట్ట వినపడని రికార్డింగులు) గల్లంతవుతాయి. ఒకే మనిషి ఒకే పిట్టవి గంటలో పన్నెండు ముక్కలు పంపితే ఒకటిగానే లెక్కించాలి.

గడియారం మరో చిక్కు. సూర్యోదయం ఒక్కో డిగ్రీ రేఖాంశానికి 4 నిమిషాలు జరుగుతుంది. అంతటా ఒకే గడియారం నడిచే 15 డిగ్రీల కాలమండలంలో ఈ చివరికీ ఆ చివరికీ గంట తేడా. అందుకే ప్రతి వేళనూ ఆ చోట, ఆ రోజు సూర్యోదయానికి ఎన్ని నిమిషాలు ముందో వెనకో మార్చుకోవాలి. కొన్ని పరికరాలు ఫైలు మీద రికార్డింగు ముగిసిన వేళ వేస్తాయి. గంట నిడివి ఫైలైతే, చీకట్లో పాడిన పాట ఎండెక్కాక పాడినట్టు నమోదవుతుంది.

పిట్ట గొంతును గుర్తించే సాఫ్ట్‌వేర్‌కూ వేళలను బట్టి చెవుడు వస్తుంది. అలాంటిదే అయిన బర్డ్‌నెట్ శబ్దాన్ని 3 సెకన్ల ముక్కలుగా విని, ఒక్కో జాతికి ఎంత నమ్మకమో 0 నుంచి 1 దాకా స్కోరు ఇస్తుంది. వేకువన పాటలు ఒకదాని మీద ఒకటి పడి స్కోరు పడిపోతుంది. అంటే పాట ముమ్మరంగా ఉన్నప్పుడే లెక్క తగ్గొచ్చు. మధ్యాహ్నం గాలి హోరు దూరపు గొంతును మింగేస్తుంది. కాబట్టి ఒక్కో గంట నుంచి కనీసం 50 ముక్కలైనా మనిషి చెవితో విని, ఎన్ని తప్పిపోయాయో చూడకుండా ఉదయాన్నీ మధ్యాహ్నాన్నీ పోల్చడం సరికాదు.

రాత్రి దీపాల వెలుగు ఎక్కువున్న చోట పక్షుల కూతల రోజు సగటున 50 నిమిషాలు ఎక్కువ సాగిందని 2025లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పగలిగింది. దానికి ఆధారం ఔత్సాహికులు ఇళ్ల దగ్గర పెట్టుకున్న బర్డ్‌వెదర్ మైకులు. అవి పాట కోసం ఎదురుచూడవు, తెరిచే ఉంటాయి.

అలాంటి మైకు లేనివాళ్లూ ఫోనుతో ఈ పని చేయొచ్చు. సూర్యోదయానికి గంట ముందు, సూర్యోదయాన, రెండు గంటల తర్వాత, మధ్యాహ్నం, సూర్యాస్తమయాన ఐదేసి నిమిషాలు చాలు. చప్పుడు తగ్గించే నాయిస్ రిడక్షన్ ఆపేయాలి. లేకపోతే అది పాటనే చప్పుడనుకుని తుడిచేస్తుంది. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో వేవ్ ఫైలు ఐదు నిమిషాలకు సుమారు 29 ఎంబీ అవుతుంది. ఐదు నిమిషాలూ ఆకుల గలగల తప్ప ఏమీ వినపడకపోయినా ఆ ఫైలునూ లెక్కలో ఉంచాలి. హారంలో లేని సున్నా అదే.