మంచు మీద ఆ అడుగుల చప్పుడు ఎక్కడిది?

టీవీలో ధ్రువపు ఎలుగుబంటి మంచు మీద నడిచి వస్తుంటుంది. ఒక్కో అడుగుకీ కరకరమని చప్పుడు. వింటుంటే ఒళ్లు జలదరిస్తుంది. కానీ కెమెరా ఆ జంతువుకు ఎంతో దూరంలో ఉంటుంది. పెద్ద లెన్సు బొమ్మను దగ్గరకు లాగినట్టు మైకు చప్పుడును లాగలేదు. అందుకే ఇలాంటి శబ్దాలు చాలావరకు స్టూడియోలో పుడతాయి. చిన్న సంచిలో మొక్కజొన్న పిండి నింపి, తెర మీది అడుగులకు తగ్గట్టు పిసికితే మంచు నలిగినట్టే వినిపిస్తుంది.

ఈ సంగతి మొదట తెలిసినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. ఇప్పుడు ఆ బాధ లేదు. చప్పుడు కలపడం పనితనం. జరగనిది జరిగినట్టు చూపించడం వేరే సంగతి. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో ప్రేక్షకుడికి చెప్పి తీరాలన్నదే నా వాదన. చెబితే మజా పోతుందని ఛానళ్లు భయపడతాయి. నా అనుభవంలో మాత్రం చెప్పిన కొద్దీ ఇష్టం పెరిగింది.

గీత దాటితే ఏమవుతుందో 1958లో డిస్నీ తీసిన ‘వైట్ వైల్డర్‌నెస్’ చూపించింది. లెమ్మింగ్‌లనే చిట్టెలుకల్లాంటి జంతువులు గుంపుగా కొండ అంచు నుంచి దూకి చనిపోతాయని అందులో చూపారు. నిజానికి వాటిని వేరే చోటి నుంచి తెచ్చి, అంచు దాకా తరిమారు. ఆ సినిమాకు ఆస్కార్ కూడా వచ్చింది. లెమ్మింగ్‌లు ఆత్మహత్య చేసుకుంటాయన్న అబద్ధం ఈనాటికీ జనం నోళ్లలో నానుతూనే ఉంది.

2011లో బీబీసీ వారి ధ్రువప్రాంతాల సిరీస్ ‘ఫ్రోజెన్ ప్లానెట్’ మీద రేగిన గొడవ అంత పెద్దది కాదు. మంచు గుహలో ఉన్నట్టు కనిపించిన, అప్పుడే పుట్టిన ధ్రువపు ఎలుగుబంటి పిల్లల్ని నెదర్లాండ్స్‌లోని ఒక జంతు పార్కులో తీశారు. అసలు మంచు గుహలో కెమెరా పెడితే తల్లి బెదిరి పిల్లలకు హాని చేయొచ్చు కాబట్టి ఆ నిర్ణయం సరైనదే. వెబ్‌సైట్‌లో ఆ విషయం పెట్టారు కూడా. కానీ కామెంటరీలో ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. టీవీ ముందు కూర్చున్నవాళ్లలో ఎంతమంది వెబ్‌సైట్ తెరిచి చూస్తారు?

చెప్పడం వల్ల ఇష్టం పెరుగుతుందనడానికి నాకు తోచే గొప్ప ఉదాహరణ రాక్షస స్క్విడ్. ఆక్టోపస్‌కు చుట్టమైన, పొడవాటి చేతులున్న ఈ జీవి సముద్రం లోతుల్లో ఉంటుంది. దాని శవాలు ఒడ్డుకు కొట్టుకొచ్చేవి, బతికున్నది మాత్రం కెమెరాకు చిక్కేది కాదు. 2004లో జపాన్ శాస్త్రవేత్త కుబొదెరా బృందం ఫొటోలు తీయగలిగింది. లోతు సముద్రంలోనే దాని వీడియో దొరికింది మాత్రం 2012లో, జపాన్‌కు చెందిన ఒగసవారా దీవుల దగ్గర. ఇంతకాలం ఎందుకు దొరకలేదు? మన జలాంతర్గామి వాహనాల మోటార్ల హోరు, తెల్లటి దీపాల వెలుగు దాన్ని ముందే బెదరగొట్టి ఉంటాయని ఎడిత్ విడర్ అనే శాస్త్రవేత్త ఆలోచించారు. ఎరుపు వెలుగు నీటిలో త్వరగా ఇంకిపోతుంది. అందుకే లోతుల్లో బతికే జీవులు చాలావాటికి ఎరుపు కనిపించదు. ఆమె మోటార్లు లేని కెమెరాకు ఎర్ర దీపం పెట్టారు. ఎరగా మాంసం పెట్టలేదు. ఒక జెల్లీఫిష్ ఆపదలో పడినప్పుడు చక్రంలా తిప్పే నీలి వెలుగును బల్బులతో అనుకరించారు. జెల్లీఫిష్‌ను ఎవరో తింటున్నారంటే, ఆ తినేవాడి కోసం స్క్విడ్ వస్తుందని ఆమె లెక్క. వచ్చింది!

ఈ కథ తెలియకుండా చూస్తే తెర మీద చీకట్లో కొన్ని చేతులు కదులుతాయి, అంతే. తెలిసి చూస్తే ఆ కొన్ని క్షణాలకు గుండె ఆగినంత పనవుతుంది.

ఇంకో మాట. వేట లేకపోతే జనం ఛానల్ మార్చేస్తారన్న లెక్కతో ప్రోగ్రామ్‌లన్నీ పంజాలు, పళ్లతో నింపేస్తున్నారు. సింహం రోజులో ఇరవై గంటల దాకా పడుకునే ఉంటుందని వాటిని చూసి పెరిగిన పిల్లలకు ఎలా తెలుస్తుంది? వేట చూపించొద్దని కాదు, వేట తప్పిపోవడం కూడా చూపించాలి. 2006 నాటి బీబీసీ సిరీస్ ‘ప్లానెట్ ఎర్త్’లో మంచు చిరుత నిట్టనిలువు కొండ మీద మార్ఖోర్ అనే కొండమేక వెంట పడుతుంది. మేక నదిలోకి దూకి తప్పించుకుంటుంది. చిరుత ఉత్తి చేతులతో వెనక్కి వెళ్తుంది. ఇన్నేళ్లలో నేను మళ్లీ మళ్లీ చూసిన దృశ్యం అదే.

ఆ సిరీస్‌లో ప్రతి ఎపిసోడ్ చివరా ఒక పది నిమిషాలు షూటింగ్ ముచ్చట్లు ఉంటాయి. ఆ చిరుత కోసం కెమెరామన్ చలిలో ఎలా కాపు కాశాడో అక్కడే తెలుస్తుంది. ప్రకటనల కోసం ఛానళ్లు ముందుగా కోసేసేది సరిగ్గా ఆ పది నిమిషాలనే.