రుజువు తేవాల్సింది సైనికుడా?

అమెరికాలో మాజీ సైనికుడు వెటరన్స్ ఆసుపత్రికి వెళ్తే, బీపీ చూసినంత మామూలుగా ఇప్పుడు ఇంకో ప్రశ్న అడుగుతున్నారు. సర్వీసులో ఉన్నప్పుడు విషపదార్థాల బారిన పడ్డానని మీకు అనిపిస్తోందా? చెత్త తగలబెట్టిన గుంతల పొగా, వియత్నాంలో చెట్ల ఆకులు రాల్చడానికి చల్లిన ఏజెంట్ ఆరెంజ్ మందా, రేడియేషనా, క్యాంప్ లెజూన్ సైనిక స్థావరంలోని కలుషిత నీళ్లా, ఇంకేదైనానా? ఐదు పది నిమిషాల పని. రక్తం తీయరు, స్కానింగ్ చేయరు. 2022 నవంబరులో మొదలుపెట్టి 50 లక్షల మందికి పైగా అడిగారు. ఐదేళ్లకోసారైనా మళ్లీ అడగాలి.

ఓస్, ఇంతేనా అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ విషపదార్థాల బారిన పడ్డ మాజీ సైనికులకు వైద్యం, పరిహారం ఇవ్వడానికి బైడెన్ సంతకం పెట్టిన పాక్ట్ చట్టంలో అందరూ మాట్లాడుకునే పరిహారం లెక్కల కన్నా ఈ పది నిమిషాలే గట్టివని నా వాదన. ఎందుకంటే ఇక్కడ మనిషి ఇంకా తిరుగుతుండగానే అతను ఏం పీల్చాడో కాగితం మీదికి ఎక్కుతోంది.

ఆ కాగితం లేకపోతే ఏమవుతుందో ఇరాక్ నుంచి వచ్చినవాళ్లను అడగాలి. బలాద్ స్థావరంలో దాదాపు పదెకరాల గుంత. ప్లాస్టిక్, బ్యాటరీలు, ఆసుపత్రి చెత్త అన్నీ అందులో పోసి, విమాన ఇంధనం చల్లి అంటించేవారు. ఇళ్లకు చేరాక దగ్గు, ఆయాసం, కొందరికి క్యాన్సర్. 2007 నుంచి 2020 వరకు ఈ పొగ వల్లే జబ్బు వచ్చిందంటూ 12,582 మంది దరఖాస్తు పెట్టుకుంటే, ఒప్పుకున్నవి 2,828. మిగతావాళ్లకు దొరికిన జవాబు ఒక్కటే: రుజువేదీ?

ఏం రుజువు తెస్తాడు? మంట పెట్టినవాడు గాలిని కొలవాలి గానీ, పీల్చినవాడు కొలుస్తాడా? 1991 మార్చిలో ఇరాక్‌లోని ఖమిసియాలో అమెరికా దళాలు ఒక ఆయుధాగారాన్ని పేల్చేశాయి. అక్కడి రాకెట్లలో సారిన్ అనే నరాలను దెబ్బతీసే విషం ఉందని పెంటగాన్ బయటికి ఒప్పుకోవడానికి 1996 దాకా పట్టింది. మీమీదికి ఆ గాలి వచ్చి ఉండొచ్చని తర్వాత దాదాపు లక్ష మందికి తెలియజేశారు. ఆ ఐదేళ్లలో డాక్టరు దగ్గరికి వెళ్లినవాడు సారిన్ మాట ఎత్తితే పిచ్చివాడి కింద జమకట్టేవారు. వియత్నాం సంగతి ఇంకా అన్యాయం. మందు చల్లడం ఆపింది 1971లో, ఏజెంట్ ఆరెంజ్ చట్టం వచ్చింది 1991లో, ఆ మందు వల్లే వచ్చినట్టు ఒప్పుకునే జబ్బుల జాబితాలో అధిక రక్తపోటు చేరింది 2022లో. అప్పటికి ఎంతమంది మిగిలారు?

దీన్ని తప్పుపట్టేవాళ్ల మాటా వినాలి. ఆరోగ్యంగా ఉన్నవాడికి ఇలాంటి ప్రశ్నలు వేస్తే లేనిపోని టెన్షన్ పెట్టుకుంటాడని, ప్రతి దగ్గునూ యుద్ధం ఖాతాలో రాస్తే ఖజానా ఖాళీ అవుతుందని అంటారు. శాస్త్రీయ ఆధారాలూ అంతంతమాత్రమే అంటారు. నిజమే, అమెరికా శాస్త్రవేత్తల సంస్థ నేషనల్ అకాడమీస్ 2020 నివేదికలో చాలా శ్వాసకోశ జబ్బుల విషయంలో ఆధారాలు చాలడం లేదనే తేల్చింది. అయితే చాలకపోవడానికి ఒక పెద్ద కారణం ఎవరెంత పీల్చారో సరిగ్గా కొలిచిన లెక్కలు లేకపోవడం. కొలవనివాడికే ఆ లోటు లాభంగా మారడం ఏం న్యాయం?

పాక్ట్ చట్టం ఆ తిరకాసును తిప్పేసింది. ఫలానా చోట, ఫలానా కాలంలో పనిచేశాడు, జాబితాలోని జబ్బు వచ్చింది, అంతే. సర్వీసు వల్లే వచ్చిందని అనుకోవాలి.

మనకు అంత చట్టం ఎక్కడిదని నిట్టూర్చేవాళ్లకు ఒక సంగతి. జవాను ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013లోనే మన సుప్రీంకోర్టు దాదాపు ఇదే చెప్పింది. సైన్యంలో చేరేటప్పుడు రికార్డులో రాయని జబ్బు తర్వాత బయటపడితే అది సర్వీసు వల్లే వచ్చిందని భావించాలి, రుజువు భారం జవానుది కాదు. కార్మికులకైతే 1923 నాటి నష్టపరిహార చట్టమే ఉండేది, 2025లో అది సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. సీసం, పాదరసం, బెంజీన్ లాంటి వాటి మధ్య ఆరు నెలలు వరుసగా పనిచేసి వాటి జబ్బు తెచ్చుకుంటే, కాదని రుజువయ్యేదాకా అది పని వల్ల వచ్చినట్టే. ఆ పాత చట్టం వచ్చి వందేళ్లు దాటాయి. లేనిది చట్టం కాదు, అడిగేవాడు.

మన ఓపీ చీటీ ఒకసారి తీసి చూడండి. పేరు, వయసు, బరువు, బీపీ, షుగర్. ఏం పని చేసేవారన్న గడి ఎక్కడైనా కనిపించిందా? క్రషర్ దగ్గర పదేళ్లు దుమ్ము మింగినవాడికీ, బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవాడికీ, ఏసీ గదిలో కూర్చున్నవాడికీ ఒకే చీటీ, ఒకే దగ్గు మందు. రాతి దుమ్ము వల్ల ఊపిరితిత్తులకు వచ్చే సిలికోసిస్‌ను టీబీ అనుకుని నెలల తరబడి మాత్రలు మింగించిన సందర్భాలు దేశంలో కొత్తేమీ కాదు.

మా వీధిలో ఒక రిటైర్డ్ హవల్దారు గారున్నారు. సియాచిన్‌లో చేశారు. గుడారంలో వెచ్చదనానికి, వంటకు, మంచు కరిగించడానికి కిరోసినే. పొద్దున్నే ఉమ్మితే నల్లగా పడేదని నవ్వుతూ చెబుతారు. ఇప్పుడు మూడు మెట్లెక్కితే ఆగి గోడ పట్టుకుంటారు. పోయిన నెల ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది నేనే. సిగరెట్ తాగుతారా అని డాక్టరు అడిగారు. లేదన్నారు. చీటీ మీద ఇన్‌హేలర్ పేరు రాసిచ్చారు. బయటికొచ్చాక, కిరోసిన్ సంగతి చెప్పలేదేం బాబాయ్ అన్నాను.

"వాళ్లు అడగలేదుగా" అన్నారాయన.