మడత తప్పిన ప్రోటీన్లకు మందు: పటం చూసి వెతకాలా, ప్రోటీన్‌ను చూసి వెతకాలా?

(హనుమకొండలో ఒక సాయంత్రం. ఫార్మకాలజీ బోధించి ఉద్యోగ విరమణ చేసిన అధ్యాపకుడు. నెట్‌వర్క్ విశ్లేషణతో పాత మందులకు కొత్త ఉపయోగాలు వెతుకుతున్న ఆయన పూర్వ విద్యార్థిని.)

విద్యార్థిని: సార్, ఒక్క ప్రోటీన్‌నే గురిపెట్టడం వల్ల ఎంత నష్టమో సెమగాసెస్టాట్ అనే మందు చూపింది. అల్జీమర్స్‌లో మడత చెడి పేరుకునే అమిలాయిడ్ బీటా అనే ప్రోటీన్ ముక్క తయారవకుండా అది గామా సెక్రెటేజ్ అనే ఎంజైమును అడ్డుకుంది. రోగుల జ్ఞాపకశక్తి మరింత క్షీణించి, చర్మ క్యాన్సర్లు పెరగడంతో 2010లో ఆ ప్రయోగాలను ఆపేశారు. ఆ ఎంజైము నాచ్ అనే మరో ప్రోటీన్‌ను కూడా కోస్తుంది కదా. పాఖాల చెరువు తూము మూస్తే ఎండేది ఒక్క మడి కాదు. అందుకే ముందు కాలువల పటం, అంటే ఏ ప్రోటీన్‌కు దేనితో సంబంధమో గీతలతో చూపే పటం, గీయాలంటాను.

అధ్యాపకుడు: ఆ ఉదాహరణ నీకే ఎదురు తిరుగుతుందమ్మా. నాచ్‌తో ఉన్న ఆ సంబంధం 1999 నాటికే తెలుసు. అంటే పటం లేక చెడలేదు, ఉన్నా చెడింది.

విద్యార్థిని: ఒక గీత తెలియడం వేరు, అల్లిక మొత్తం తెలియడం వేరు. ప్రోటీన్లను సరిగా మడిచే చాపెరోన్లు, చెడినవాటిని తొలగించే ప్రోటియాసోమ్, ఆటోఫజీ అన్నీ కలిసి పనిచేస్తాయి కనుక, ఒక జబ్బుకు సంబంధించిన ప్రోటీన్ల గుంపుకు ఏ మందు గురిపెట్టే ప్రోటీన్లు ఆ పటంలో దగ్గరగా ఉన్నాయో లెక్కిస్తే వేల మందుల్లో ముందుగా దేన్ని పరీక్షించాలో తెలుస్తుంది. కీళ్లవాతానికి వాడే బారిసిటినిబ్ కోవిడ్‌కు పనికిరావచ్చని 2020 ఫిబ్రవరిలో సూచించింది ఇలాంటి సంబంధాల పటమే. ఆ తర్వాత రోగులపై ప్రయోగాలు దాన్ని బలపరిచాయి.

అధ్యాపకుడు: అది వాపును అణచే మందు, మడతలతో దానికి పని లేదు. ట్రాన్స్‌థైరెటిన్ సంగతి చూడు. నాలుగు భాగాలుగా ఉండే ఆ ప్రోటీన్ విడిపోయినప్పుడే మడత చెడి, పోగులై నరాల్లో పేరుకుంటుంది. డైఫ్లునిసాల్ అనే పాత నొప్పి మాత్ర, థైరాక్సిన్ అనే హార్మోన్ కూర్చునే గుంటలో ఇమిడి ఆ నాలుగింటినీ పట్టి ఉంచుతుంది. నరాల క్షీణతను అది నెమ్మదింపజేస్తుందని 2013లో వెలువడిన ప్రయోగ ఫలితాలు తేల్చాయి. ఆ గుంట ఆకారం నీ పటంలో ఏ గీతలో ఉంది? పైగా ఎక్కువమంది పరిశోధించిన ప్రోటీన్‌కే ఎక్కువ గీతలు కనిపిస్తాయి. రోడ్డు పక్క చెరువులనే లెక్కపెట్టి, ఊరికి ఇన్నే చెరువులన్నట్టు.

విద్యార్థిని: దానికి విరుగుడుగా, అన్నే గీతలున్న వేరే ప్రోటీన్లను యాదృచ్ఛికంగా తీసుకుని పోల్చి చూస్తాం.

అధ్యాపకుడు: ఉన్న గీతల మొగ్గును అది సరిచేస్తుంది, లేని గీతలను తేలేదు. మందు ఆ ప్రోటీన్ పనిని పెంచుతుందో తగ్గిస్తుందో కూడా దగ్గరితనం చెప్పదు.

విద్యార్థిని: అది ఒప్పుకుంటాను సార్. పెంచేవీ తగ్గించేవీ విడదీసి జాబితా తెస్తాను.

అధ్యాపకుడు: తీసుకురా. మెదడులోకి చేరని మందులన్నీ నేను కొట్టేస్తాను. ఆ తర్వాత ఎన్ని మిగులుతాయో చూసి, అప్పుడు నీ పటం గురించి మళ్లీ మాట్లాడదాం.